మధుమేహం – పురుషులలో శుక్రధాతు రక్షణ

మధుమేహం గల పురుషులు కంటిని గురించి, మూత్రపిండాలను గురించి వైద్యుని అడుగుతారు. దాంపత్య సామర్థ్యం తగ్గిన సంగతిని మాత్రం బిడియంతో దాచి, ప్రకటనలలో కనిపించే లేహ్యాలను రహస్యంగా సేవిస్తారు. ఇది హానికరం.

చరకుడు ప్రమేహాలు 20 అని చెప్పి, మధుమేహాన్ని వాతజ ప్రమేహాలలో చేర్చాడు. రసం మొదలు శుక్రం వరకు గల ఏడు ధాతువులలో శుక్రం చివరిది. ముందున్న ధాతువులు చెడినచో దానికి పోషణ అందదు. ఆధునిక వైద్యం ప్రకారం, రక్తంలో చక్కెర దీర్ఘకాలం అధికంగా ఉంటే సన్నని రక్తనాళాలు, నాడులు దెబ్బతింటాయి. అందువలన అంగస్తంభన సన్నగిల్లుతుంది. కొందరిలో వీర్యం వెలుపలికి రాక మూత్రాశయంలోనికి మరలుతుంది. వీర్యకణాల నాణ్యత కూడా తగ్గవచ్చును.

మరొక ముఖ్య విషయం. జననాంగానికి రక్తం చేర్చే ధమనులు గుండె ధమనులకంటె సన్ననివి. కనుక రక్తనాళాల పూడిక ముందుగా అక్కడ బయటపడవచ్చును. స్తంభన లోపం కనిపించినపుడు గుండె పరీక్ష కూడా చేయించుకొనుట వివేకం.

శరీరం, స్రోతస్సులు శుద్ధమైన పిమ్మటనే వాజీకరణౌషధాలు ఫలిస్తాయని చరకుని మతం. పైగా లేహ్యాలలో సాధారణంగా బెల్లమో, చక్కెరయో ఉంటుంది. "శక్తి మందు"ల పేరిట అమ్మే కొన్నింటిలో సిల్డెనాఫిల్ అనే అల్లోపతి మందును చాటుగా కలిపినట్లు పరీక్షలలో తేలింది. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవారికి అది ప్రాణాపాయం.

ఆచరింపదగినవి:

1. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్ష చేయించుకొనవలెను. సాధారణంగా అది 7 శాతం లోపు ఉండుట మేలు.

2. పొగాకును పూర్తిగా విడువవలెను. మద్యానికి దూరంగా ఉండవలెను.

3. వారానికి 150 నిమిషాలు చురుకుగా నడవవలెను.

4. వరి అన్నం తగ్గించి, జొన్నలు, కొర్రలు, పెసలు, కాకర, మెంతికూర మితంగా భుజింపవలెను.

5. ఉసిరిక, పసుపు ప్రమేహానికి ప్రశస్తమైనవి. అయితే వీటిని ఔషధంగా వాడదలచినవారు వైద్యుని సంప్రదింపవలెను. ఇన్సులిన్‌ను, మాత్రలను స్వయంగా మానరాదు.

వీర్యకణం తయారగుటకు సుమారు రెండున్నర నెలలు పడుతుంది. కావున నేటి పథ్యం ఫలితాన్ని మూడు నెలలకు గాని అంచనా వేయరాదు. సంతానం ఆలస్యమైన ఇంట భార్యను మాత్రమే పరీక్షలకు పంపుట న్యాయం కాదు. భర్త కూడా వీర్యపరీక్ష చేయించుకొనవలెను. ఈ లోపం చెప్పుకొనదగిన వ్యాధియే గాని, దాచదగిన నేరం కాదు.