బురదే విందు.. మడ అడవే అండ

మచిలీపట్నం: శీతకాలం వచ్చిందంటే కృష్ణా డెల్టా దిగువ తీరానికి వలస పక్షుల రాక మొదలవుతుంది. సైబీరియా, మధ్య ఆసియా ప్రాంతాల్లో మంచు కమ్ముకుని ఆహారం కరవవడంతో అవి వేల కిలోమీటర్లు ప్రయాణించి ఇక్కడికి చేరతాయి. వాటిని చూసేందుకు వెళ్లేవారు సాధారణంగా చెట్ల కొమ్మలకేసి వెతుకుతారు. నిజానికి ఈ అతిథుల్లో అధిక భాగాన్ని రప్పించేది చెట్టు కాదు, మడ అడవి ముందు పరచుకున్న బురద నేల.

ముక్కును బట్టి మేత
సముద్రానికి రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు వస్తాయి. పాటు వేళ నీరు వెనక్కి తగ్గి బురద మేటలు బయటపడతాయి. వాటిలోని పురుగులు, నత్తలు, చిన్న పీతలే పక్షులకు ఆహారం. పొట్టి ముక్కు పిట్టలు పైపైన దొరికిన వాటిని ఏరుకుంటాయి. పొడవాటి ముక్కున్న ఉల్లంకి జాతులు లోతున దాగిన పురుగులను లాగుతాయి. రాజహంసలు వంపు ముక్కును తలకిందులుగా నీటిలో ముంచి సూక్ష్మజీవులను వడకట్టుకుంటాయి. అందుకే ఒకే మేటపై పలు జాతులు పక్కపక్కనే మేయగలుగుతున్నాయి.

ఎక్కడెక్కడ చూడవచ్చు?
గుడివాడ వైపు నుంచి వచ్చేవారు ముందుగా కైకలూరు సమీపంలోని ఆటపాకను చూడవచ్చు. 2022 నుంచి ఏలూరు జిల్లాలో ఉన్న ఈ కేంద్రం కొల్లేరు అభయారణ్యంలో భాగం. కొల్లేరుకు 2002లో రామ్‌సర్ గుర్తింపు లభించింది. ఇక్కడి గూడబాతులు మంచినీటి చేపలపై ఆధారపడతాయి. ఉప్పునీటి పక్షుల కోసం మచిలీపట్నం మీదుగా దివిసీమకు సాగాలి. మోపిదేవి, అవనిగడ్డ దాటాక ఒక దారి కోడూరు మీదుగా హంసలదీవికి, మరొకటి నాగాయలంకకు వెళ్తుంది. కృష్ణా, బాపట్ల జిల్లాల్లో సుమారు 194 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన కృష్ణా అభయారణ్యం ఈ తీరంలోనే ఉంది. లోపలికి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.

వేళ తెలిసి వెళ్లాలి
నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. పూర్తి పాటు వేళ పక్షులు దూరపు మేటలపై చెదిరి ఉంటాయి. పోటు ఎక్కుతుండగా నీరు వాటిని గట్టు వైపు నెడుతుంది. అప్పుడే దగ్గరగా కనిపిస్తాయి. పోటు సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది కాబట్టి స్థానిక మత్స్యకారులను అడిగి బయలుదేరడం మేలు. పడవతో తరిమితే పక్షులు మేత మాని ఎగిరిపోతాయి. తిరుగు ప్రయాణానికి కూడబెట్టుకోవలసిన కొవ్వు ఆ మేరకు తరిగిపోతుంది.

మేట పోతే బాట మారుతుంది
మడ చెట్ల వేళ్లు ఒండ్రును పట్టి ఉంచుతాయి. రాలిన ఆకులు కుళ్లి బురదలోని జీవులకు ఆహారమవుతాయి. అడవిని నరికినా, మేటకు గట్టు కట్టి రొయ్యల చెరువుగా మార్చినా పోటు నీటి రాకపోకలు ఆగి పక్షి విందు ముగుస్తుంది. నష్టం పక్షులతోనే ఆగదు. రొయ్య, పీత పిల్లలు పెరిగేది ఈ మడ నీడలోనే. అలల తాకిడిని తగ్గించేదీ ఈ అడవే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేలాది మందిని బలిగొన్న దివిసీమకు దాని విలువ వేరే చెప్పనక్కర లేదు. ఏటా పక్షులు తిరిగి వస్తున్నాయంటే మన తీరానికి రక్షణ గోడ ఇంకా నిలిచి ఉందని అర్థం.