గడీ లోపలి చరిత్ర: ‘చిల్లర దేవుళ్లు’

దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నిజాం కాలపు తెలంగాణ పల్లెను చూపే చారిత్రక నవల. 1960ల చివర్లో వెలువడింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారం అందుకుంది, సినిమాగానూ వచ్చింది. ఇంత పేరున్నా ఈ తరం పాఠకుల్లో చాలామందికి ఇది అనుకోకుండానే తారసపడుతుంది. హైదరాబాద్‌లో ఆదివారం అబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు పరిచే పాత పుస్తకాల్లో, పోటీ పరీక్షల గైడ్లకూ వారపత్రికల బైండ్లకూ నడుమ ఇలాంటి నవలలు దొరుకుతుంటాయి. నగర శివారు నాగారం నుంచి ఈసీఐఎల్ మీదుగా బస్సెక్కి ఇంకేదో పుస్తకం కోసం వెళ్లినవారి చేతికి ఇది దొరికితే, ఆ ప్రయాణం దండగ కాదు.

కథాకాలం 1938కి ముందు. బతుకుదెరువు కోసం పాణి అనే సంగీతకారుడు ఆంధ్ర ప్రాంతం నుంచి ఒక తెలంగాణ పల్లెకు వస్తాడు. అక్కడ దొర మాటే చట్టం, కరణం రాసిందే లెక్క. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న ఊరివాళ్లకు మామూలైపోయిన దౌర్జన్యం ఈ కొత్తవాడికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కథను అతని కళ్లతో నడిపించడంలోనే రచయిత నేర్పంతా ఉంది. పాఠకుడూ అతని వెంటే దొర కోటలాంటి ఇల్లైన గడీలో అడుగుపెడతాడు.

చదివినవారిని చాలాకాలం వెంటాడేది ఆడబాపల బతుకు. దొరల ఇళ్లలో ఆడపిల్లకు పెళ్లి చేసి అత్తవారింటికి పంపేటప్పుడు నగలు, పశువులతో పాటు ఒక దాసీ పిల్లను కూడా వెంట పంపేవారు. ఆమె దొరసానికి సేవ చేయాలి, దొర పిలిస్తే వెళ్లాలి. పెళ్లి ఉండదు, తనదంటూ ఇల్లు ఉండదు. పిల్లలు పుడితే వాళ్లకు తండ్రి పేరు గానీ, ఆస్తిలో భాగం గానీ దక్కవు. తిండికీ బట్టకూ లోటు లేదు కదా అని లోకం సరిపెట్టుకుంది. నవల మాత్రం ఆమెను మనసున్న మనిషిగా నిలబెట్టింది. చరిత్ర పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలకు మించని ఈ ఆచారం బరువు ఎంతో ఇక్కడే తెలుస్తుంది.

గడీ బయట వెట్టి, అంటే కూలి లేని చాకిరీ నడిచేది. కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టివ్వాలి, చాకలి బట్టలుతకడమే కాక దివిటీ పట్టాలి. కూలి అడిగే హక్కు ఎవరికీ లేదు. వెట్టిని నిషేధిస్తూ నిజాం ఫర్మానాలు వెలువడినా అవి ఊరి పొలిమేర దాటి లోపలికి రాలేదు. పాత్రల చేత రంగాచార్య తెలంగాణ మాటనే మాట్లాడించారు. ఉర్దూ పదాలు కలగలిసిన ఆ యాసను పుస్తకానికి పనికిరాదని పక్కన పెడుతున్న రోజుల్లో ఆ పని చేయడం సాహసమే.

రంగాచార్య 1928లో ఇప్పటి మహబూబాబాద్ జిల్లా చినగూడూరులో పుట్టారు. కవి దాశరథి కృష్ణమాచార్య ఆయన అన్న. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మనిషి కాబట్టి ఆయన రాసింది విని రాసింది కాదు. తెలంగాణ బతుకును నవలగా రాసే ఈ దారిలో ఆయనకు ముందున్నవారు వట్టికోట ఆళ్వారుస్వామి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, ఊరూరా తిరిగి పుస్తకాలమ్మిన ఆళ్వారుస్వామి, ‘ప్రజల మనిషి’ నవల తర్వాత మొదలుపెట్టిన ‘గంగు’ను పూర్తి చేయకుండానే 1961లో కన్నుమూశారు. ఆ పనిని రంగాచార్య భుజానికెత్తుకున్నారు.

హైదరాబాద్ శివార్ల పాఠకులకు ఇది దూరపు కథేమీ కాదు. మేడ్చల్ ప్రాంతం అప్పట్లో అత్రాఫ్ బల్దా జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలో చాలాభాగం నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫేఖాస్. 1949లో సర్ఫేఖాస్ ప్రభుత్వంలో కలిసింది, అదే ఏడాది జాగీర్లు రద్దయ్యాయి. అపార్ట్‌మెంట్లు, వెంచర్ల బోర్డులు నిండిన ఈ నేలకు పాత భూమి రికార్డులైన పహాణీల్లో వేరే చరిత్ర ఉంది.

‘చిల్లర దేవుళ్లు’ ఆగిన చోట రంగాచార్య మరో నవల ‘మోదుగుపూలు’ మొదలవుతుంది. నిజాం రాజ్యంలోని తెలుగువారి సంస్థ ఆంధ్ర మహాసభ ఊళ్లలోకి రావడం, జనం తిరగబడడం అందులోని కథ. నిజాం పాలనను ముగించిన పోలీసు చర్య తర్వాతి కాలం ‘జనపదం’లో వస్తుంది. మూడింటినీ ఈ వరుసలో చదవడమే మంచిది. మొదటి నవలలో తలవంచుకుని బతికిన జనాన్ని చూసినవారికే రెండో నవలలోని తిరుగుబాటు పూర్తిగా అర్థమవుతుంది.