టెక్నాలజీ వస్తే కూలి పెరుగుతుందా?

ఈ ఎపిసోడ్‌లో ఒకటే ప్రశ్న: కొత్త టెక్నాలజీ వస్తే ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య తేడా తగ్గుతుందా, పెరుగుతుందా?

మా మామిడికుదురు వైపే చూడండి. అంబాజీపేట మార్కెట్లో కొబ్బరికాయ రేటు ఎంతుందో తోట ఉన్నాయన ఫోన్లో తెలుసుకుని, మంచి ధరకి అమ్ముకోగలడు. అదే తోటలో దింపు తీసే మనిషికి రేటు తెలిసినా కూలి పెరగదు. అంటే, అమ్మడానికి సరుకున్నవాడికే ఫోన్ ముందు పనికొస్తుంది.

మరి కూలీకి ఎప్పుడు పనికొస్తుంది? జవాబు మన దగ్గరే ఉంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. పనైతే దొరికింది గానీ, డబ్బులు ఆలస్యంగా వచ్చేవి, మధ్యలో కొంత మాయమయ్యేది. తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్మార్ట్‌కార్డులొచ్చాయి. వేలిముద్ర వేస్తే ఊళ్లోనే డబ్బు. కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు 157 మండలాల్లో దీన్ని పరిశీలించారు. లాటరీ పద్ధతిలో కొన్ని మండలాలకి ముందు, కొన్నిటికి తర్వాత కార్డులిచ్చారు కాబట్టి పోల్చి చూడగలిగారు. కూలి త్వరగా అందింది, దొంగలెక్కలు తగ్గాయి.

అసలు విషయం ఇక్కడుందండి. పేద కుటుంబాల ఆదాయం సుమారు 13 శాతం పెరిగింది. అందులో ఎక్కువ భాగం పథకం డబ్బు కాదు, బయట పనుల్లో వచ్చిందే! ఎందుకంటే, "మీరివ్వకపోతే ఉపాధి పనికి పోతాం" అనే మాట కూలీల చేతిలో ఉంది. బయట కూలి రేటు కూడా పెరిగింది.

ఆ మాటకి బలం మెషీన్ ఇవ్వలేదు, చట్టం ఇచ్చింది. ఆ చట్టంలోని 17వ సెక్షన్ లెక్కలు అడిగే హక్కుని గ్రామసభకి ఇచ్చింది. మన రాష్ట్రంలో కూలీల కుటుంబాల్లో చదువుకున్న కుర్రాళ్లే సామాజిక తనిఖీలో ఇంటింటికీ తిరిగి, రికార్డులు సరిచూసి, సభలో అందరి ముందు చదివారు.

ఈ అడిగే హక్కు లేకపోతే అదే టెక్నాలజీ అడ్డుగోడ అవుతుంది. 2023 జనవరి నుంచి హాజరు యాప్‌లో రోజుకి రెండు ఫోటోలు తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేక ఫోటో ఎక్కకపోతే చేసిన పనికి కూలి ఎగిరిపోయే ప్రమాదం. ఎండలో మట్టి తవ్విన అమ్మ సర్వర్‌తో ఏం వాదిస్తుంది?

కాబట్టి ఒక్క పని చెయ్యండి. మీ వీధిలో ఒక మామ్మ గారి జాబ్‌కార్డు నంబర్ తీసుకుని, మస్టర్ రోల్ ఆన్‌లైన్‌లో చూసి, పనిచేసిన రోజులు సరిపోయాయో లేదో ఆవిడకి చదివి వినిపించండి. తేడా వస్తే గ్రామసభలో ఆవిడ పక్కన నిలబడండి. ఏం తేలిందో కామెంట్లో రాయండి. ఉంటానండి.