పిల్లలు హాస్టల్లో, మనం జాబ్రియాలో

పన్నెండో తరగతి కాగానే మన పిల్లలు చాలామంది ఇంజనీరింగ్, మెడిసిన్ అంటూ హైదరాబాదుకో విజయవాడకో వెళతారు. విమానాలున్నంతకాలం ఆ దూరం దూరమే కాదు. కానీ కరోనా సమయంలో, 2020 మార్చి 13న కువైట్, 22న ఇండియా విమానాలు ఆపేశాయి. ఇక్కడినుంచి హైదరాబాదుకు తొలి వందే భారత్ విమానం ఎగిరింది మే 9న. దాదాపు రెండు నెలలు!

రేపు ఫ్లూ మహమ్మారి వచ్చినా ఇదే పరిస్థితి రావచ్చు. వయసు పిల్లలకేం కాదులే అనుకోవద్దు. 1918 ఫ్లూ ఇరవై నుంచి నలభై ఏళ్ళవాళ్ళను ఎక్కువగా బలిగొంది. 2009 స్వైన్ ఫ్లూ మృతుల్లోనూ అరవై అయిదేళ్ళ లోపువారే అధికం. పైగా హాస్టల్లో గదికి ముగ్గురు, అందరికీ ఒకటే మెస్సు.

మా కంప్యూటర్ వృత్తిలో సర్వర్ ఆగితే ఎవరేం చెయ్యాలో ముందే రాసిపెట్టుకుంటాం. ఇంటికీ అలాంటి కాగితం ఒకటి కావాలి:

• హాస్టల్ మూసేస్తే బిడ్డ ఎవరింటికి వెళ్ళాలి? ఆ పిన్నినో మామయ్యనో ఇప్పుడే అడిగి, వాళ్ళ నంబరు వార్డెన్‌కి ఇవ్వండి.
• రెండు నెలల ఖర్చు పిల్లల ఖాతాలోనే ఉంచండి.
• పాస్‌పోర్టు, అకామా గడువు తేదీలు రాసుకోండి.
• మనకిక్కడ ముబారక్ అల్ కబీర్ ఆసుపత్రి ఉంది. కాలేజీకి దగ్గరలో ఏ ఆసుపత్రి ఉందో కనుక్కోండి.
• ఏటా ఫ్లూ టీకా వేయించండి. అది పనిచెయ్యడానికి రెండు వారాలు పడుతుంది. కొత్తరకం ఫ్లూని ఆపకపోయినా, మామూలు ఫ్లూ బెడద తగ్గుతుంది.

పిల్లలూ, జ్వరమొస్తే దాచకండి. క్లాసు మానెయ్యండి, అమ్మకు ఫోన్ చెయ్యండి. ఆయాసం వస్తే మాత్రం ముందు ఆసుపత్రికి, తర్వాతే ఫోన్.