కాలేయం చెడితే కిడ్నీలకూ ముప్పే
సిర్రోసిస్ ముదిరితే ఊపిరితిత్తులు, మెదడుపైనా ప్రభావం

కాలేయ వ్యాధి అనగానే పచ్చకామెర్లు, పొట్ట ఉబ్బడమే చాలామందికి గుర్తుకొస్తాయి. అయితే కాలేయం గట్టిపడి సిర్రోసిస్ ముదిరిన దశలో దాని ప్రభావం ఇతర అవయవాలకూ పాకుతుంది. వీటిలో కొన్ని అరుదుగా కనిపించినా ప్రాణాంతకమైనవి. లక్షణాలను గుర్తించక పసరు మందుల చుట్టూ తిరిగితే విలువైన సమయం చేజారిపోతుంది.

మూత్రం తగ్గితే...
గట్టిపడిన కాలేయం గుండా రక్తం సాఫీగా సాగదు. దీంతో పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి, పేగులకు వెళ్లే రక్తనాళాలు వ్యాకోచిస్తాయి. ఫలితంగా ఇతర అవయవాలకు అందే రక్తం తగ్గి, కిడ్నీలలోని నాళాలు కుంచించుకుపోతాయి. కిడ్నీల నిర్మాణంలో లోపం లేకున్నా మూత్రం తగ్గి, క్రియాటినిన్ వేగంగా పెరుగుతుంది. దీనినే హెపటోరీనల్ సిండ్రోమ్ అంటారు. పొట్టలో చేరిన నీటికి ఇన్‌ఫెక్షన్ సోకడం దీనికి ఒక ముఖ్య కారణం. ఆ నీటిని సూదితో తీసి పరీక్షిస్తారు. ఘన మిల్లీమీటరుకు 250కి మించి న్యూట్రోఫిల్ కణాలుంటే వెంటనే యాంటీబయాటిక్స్, ఆల్బుమిన్ ఇస్తారు.

పడుకుంటే తగ్గే ఆయాసం
ఊపిరితిత్తులలోని సూక్ష్మ రక్తనాళాలు వెడల్పయితే రక్తానికి ప్రాణవాయువు సరిగా అందదు. ఇది హెపటోపల్మనరీ సిండ్రోమ్. గుండె బలహీనతతో వచ్చే ఆయాసం పడుకుంటే పెరుగుతుంది. ఇందులో మాత్రం కొందరికి కూర్చున్నా, నిల్చున్నా ఆయాసం పెరిగి, పడుకుంటే ఉపశమిస్తుంది. దీనికి కాలేయ మార్పిడే అసలైన చికిత్స.

మత్తు అనుకోవద్దు
కాలేయం వడకట్టలేని అమ్మోనియా వంటి పదార్థాలు మెదడుకు చేరితే పగలు నిద్ర, రాత్రి మెలకువ, చేతులు వణకడం, మాట తడబడటం కనిపిస్తాయి. రోగికి మద్యం అలవాటు ఉంటే కుటుంబసభ్యులు దీనిని తాగిన మత్తుగా పొరబడే ప్రమాదముంది. మలబద్ధకం, ఇన్‌ఫెక్షన్, నిద్రమాత్రలు ఈ స్థితిని తెచ్చిపెట్టగలవు. సకాలంలో చికిత్స అందిస్తే చాలామంది కోలుకుంటారు.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి
* మద్యం పూర్తిగా మానాలి. ఉప్పు తగ్గించాలి.
* నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు సొంతంగా వాడరాదు. కొన్ని నొప్పి మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయి.
* పప్పు, గుడ్డు, పాలు వంటి మాంసకృత్తుల ఆహారాన్ని వైద్యులు చెప్పనిదే మానరాదు.
* జ్వరం, కడుపునొప్పి, రక్తపు వాంతి, నల్లటి విరేచనం, మూత్రం తగ్గడం, తికమక... వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగక ఆస్పత్రికి తరలించాలి.

కాలేయం పూర్తిగా విఫలమైతే మార్పిడే మార్గం. రెండు తెలుగు రాష్ట్రాలలో మరణానంతర అవయవాలను జీవన్‌దాన్ ద్వారా కేటాయిస్తున్నారు. పరిస్థితి విషమించక ముందే కాలేయ నిపుణులను సంప్రదిస్తే ఆ అవకాశం చేజారదు.