వైరస్‌ల వల్ల క్యాన్సర్ వస్తుందా?

క్యాన్సర్‌ను మన పెద్దలు రాచపుండు అంటారు. అది పూర్వజన్మ పాపమనో, అంటురోగమనో భయపడి రోగికి వేరే గ్లాసు, వేరే పళ్ళెం పెట్టే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. నిజానికి క్యాన్సర్ ఒకరి నుంచి మరొకరికి అంటుకోదు. కానీ కొన్ని క్యాన్సర్లకు కారణమయ్యే వైరస్‌లు అంటుకుంటాయి. ఈ తేడాను హాస్టల్లో ఉండే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి.

1911లో అమెరికా శాస్త్రవేత్త పేటన్ రౌస్ కోడికి వచ్చిన కణితిని నూరి, కణాలు లేకుండా వడగట్టి, ఆ ద్రవాన్ని ఆరోగ్యంగా ఉన్న కోళ్ళకు ఎక్కించాడు. వాటికీ కణితులు వచ్చాయి. ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది మాత్రం 1966లో! మనుషుల్లో క్యాన్సర్‌తో సంబంధమున్న మొదటి వైరస్, ఎప్‌స్టీన్-బార్, 1964లో బయటపడింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్.పి.వి.) కారణమని తేల్చిన జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ దక్కింది.

వైరస్ ఏం చేస్తుంది?

మన కణాల్లో పి53 అనే ప్రోటీన్ కాపలాదారులాంటిది. కణం దెబ్బతింటే విభజనను ఆపుతుంది, లేదా ఆ కణాన్నే చంపేస్తుంది. హెచ్.పి.వి. తయారుచేసే ఇ6 ప్రోటీన్ ఈ కాపలాదారును నాశనం చేస్తుంది. ఇ7 అనేది మరో కాపలాదారైన ఆర్‌బి ప్రోటీన్‌ను కట్టిపడేస్తుంది. ఇక కణం అదుపు లేకుండా పెరుగుతుంది. అయితే వైరస్ సోకిన అందరికీ క్యాన్సర్ రాదు. చాలామందిలో రెండేళ్ళలోపే శరీరం దాన్ని తరిమేస్తుంది. పోకుండా ఉండిపోయిన కొందరిలోనే, అదీ 10, 20 ఏళ్ళ తర్వాత, క్యాన్సర్‌గా మారుతుంది.

హెపటైటిస్-బి, సి వైరస్‌లు కాలేయాన్ని ఏళ్ళ తరబడి వాపుకు గురిచేసి క్యాన్సర్‌కు దారితీస్తాయి. హెపటైటిస్-బి రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. వాడిన సూదులు, ఒకే బ్లేడు, పచ్చబొట్టు సూది ప్రమాదం. కలిసి తింటే, పక్కన పడుకుంటే రాదు. దీనికి టీకా ఉంది. విదేశీ టీకా పేదలకు అందని ధరలో ఉన్న రోజుల్లో, వరప్రసాద్ రెడ్డి స్థాపించిన హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయంగా షాన్‌వాక్-బి టీకాను తెచ్చింది. ఇప్పుడు ప్రభుత్వమే పుట్టిన 24 గంటల్లో బిడ్డకు ఉచితంగా మొదటి డోసు వేస్తోంది.

ఖమ్మం చెప్పిన పాఠం

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1 లక్షా 27 వేల మంది స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తోంది, దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. దీన్ని అడ్డుకునే హెచ్.పి.వి. టీకా మన ప్రాంతానికి వచ్చిన తీరు మాత్రం బాధాకరం.

2009 జూలైలో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14 వేల మంది బాలికలకు ఈ టీకా మొదలుపెట్టాయి. వారిలో చాలామంది మనలాంటి హాస్టల్ పిల్లలే. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇది జరిగింది. రెండుచోట్లా కలిపి 7గురు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. బావిలాంటి క్వారీలో మునగడం, పాముకాటు, పురుగుల మందు, మలేరియా వంటివి కారణాలుగా చూపిన విచారణ సంఘం, ఈ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదంది.

కానీ అనుమతి మాటేమిటి? పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం వార్డెన్లది. 1,948 మీద వేలిముద్రలు. తల్లిదండ్రులకు చెప్పకుండా సూది వేయడాన్ని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. మంచి మందు ఇచ్చేటప్పుడు కూడా అడగాలి, వివరించాలి. పేద పిల్లలకైతే ఆ అవసరం లేదనుకోవడమే అసలు తప్పు.

2010 ఏప్రిల్‌లోనే దేశంలో వేరుగా సాగుతున్న మరో హెచ్.పి.వి. టీకా పరిశోధన కూడా మధ్యలో ఆగింది. దానివల్ల కొందరు బాలికలకు ఒకే డోసు పడింది. పదేళ్ళ దాకా గమనిస్తే ఆ ఒక్క డోసే గట్టి రక్షణ ఇచ్చినట్టు 2021లో తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక డోసు కూడా చాలునని ఒప్పుకుంది. అదే ఏడాది పుణెలోని సీరం సంస్థ తయారుచేసిన దేశీయ టీకా సెర్వావాక్‌కు అనుమతి వచ్చింది.

మనం చేయాల్సింది

చెల్లెళ్ళారా, ఈ టీకా 9 నుంచి 14 ఏళ్ళ మధ్య వేయించుకుంటే ఎక్కువ మేలు. హెచ్.పి.వి. లైంగిక సంబంధం ద్వారా వస్తుంది, మగవాళ్ళూ దాన్ని మోస్తారు. కాబట్టి తమ్ముళ్ళారా, ఇది ఆడవాళ్ళ సంగతి అని వదిలేయకండి. 30 ఏళ్ళు దాటిన అమ్మలను, అక్కలను అయిదేళ్ళకోసారి ప్రభుత్వ దవాఖానలో పరీక్ష చేయించుకోమనండి. టీకా తీసుకున్నవారికీ ఆ వయసులో ఈ పరీక్ష అవసరమే. నెలసరి ఆగిపోయాక రక్తం కనిపించినా, వాసనతో తెల్లబట్ట అవుతున్నా సిగ్గుపడి దాచవద్దని చెప్పండి.

మనలో చాలామంది ఇళ్ళలో చదువుకున్న తొలి తరం మనదే. నేనూ అంతే. అమ్మ వేలిముద్ర వేసే ముందు ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పే బాధ్యత మనది. సూదికి భయపడవద్దు, అడగడానికి అసలే భయపడవద్దు.