ప్రయోగ క్షేత్ర పటాల రచనలో స్క్రిప్టుల వినియోగం: మెలకువలు, సరిచూడవలసిన అంశాలు

నాట్లు పడిన వారం పది రోజులకు వరి ప్రయోగ క్షేత్రంలోని మడులన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి. ఏ మడికి ఎంత నత్రజని వేయాలి, ఏ మడిలో ఏ రకం నాటారు అన్నది చెప్పగలిగినది క్షేత్ర పటం ఒక్కటే. పటంలో రెండు మడుల గుర్తులు తారుమారైతే వాటికి వేసే ఎరువులు తారుమారవుతాయి. కోతనాటికి దిగుబడి అంకెలు కూడా తారుమారవుతాయి. తరువాత చేసే గణాంక విశ్లేషణకు అందేవి అంకెలే కనుక ఈ పొరపాటును అది పట్టుకోలేదు. ఒక పంటకాలపు శ్రమ, ఒక విద్యార్థి పరిశోధన వ్యాసం, దాని ఆధారంగా రైతుకు ఇచ్చే సిఫారసు ఈ ఒక్క కాగితం మీద ఆధారపడి ఉంటాయి.

ఈ పటాలను నేడు అనేక పరిశోధనా స్థానాలలో ఆటోక్యాడ్ వంటి చిత్రలేఖన సాఫ్ట్‌వేర్లతో గీస్తున్నారు. వాటిలో పదేపదే చేసే పనులను చిన్న స్క్రిప్టుల ద్వారా కంప్యూటరుకే అప్పగించవచ్చు. ఇది డ్రాఫ్ట్స్‌మన్‌కు మాత్రమే సంబంధించిన విద్యగా భావించనవసరం లేదు. మడి కొలతలు, సరిహద్దు వరుసలు, కాలువల వెడల్పు నిర్ణయించేది శాస్త్రవేత్త. కనుక స్క్రిప్టులో ఏమి వ్రాయాలో తెలిసినవాడూ శాస్త్రవేత్తయే.

ఒక ఉదాహరణ

ఎనిమిది ట్రీట్‌మెంట్లు, మూడు రెప్లికేషన్లు గల రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్ ప్రయోగాన్ని తీసుకుందాం. మడి వెడల్పు 4 మీటర్లు, పొడవు 5 మీటర్లు. మడికీ మడికీ మధ్య అర మీటరు గట్టు, రెప్లికేషన్ల మధ్య 1 మీటరు కాలువ ఉంటాయి. ఒక రెప్లికేషన్‌లోని ఎనిమిది మడులూ ఒకే వరుసలో ఉంటే క్షేత్రం వెడల్పు 35.5 మీటర్లు, పొడవు 17 మీటర్లు అవుతుంది.

ఇందులో 24 స్థూల మడులు, 24 నికర మడులు, 24 మడి సంఖ్యలు, 24 ట్రీట్‌మెంటు గుర్తులు కలిపి 96 అంశాలను గీయాలి. చేత్తో గీసినా అది పెద్ద పనేమీ కాదు. కష్టమంతా మార్పుతో మొదలవుతుంది. గట్టు వెడల్పు 0.5 నుంచి 0.6 మీటరుకు పెంచాలని నిర్ణయిస్తే మొదటి నిలువు వరుస తప్ప మిగిలిన మడులన్నీ జరగాలి. క్షేత్రం వెడల్పు 36.2 మీటర్లవుతుంది. ఒక్కొక్క గీతనూ జరుపుతున్నప్పుడు ఒక మడి పెట్టె జరిగి దానిలోని గుర్తు పాత చోటనే ఉండిపోవచ్చు. స్క్రిప్టులో అయితే ఒక్క అంకె మార్చి మళ్లీ నడిపితే సరిపోతుంది.

ఏ భాషలో వ్రాయాలి?

ఆటోక్యాడ్‌లో మూడు దారులున్నాయి. మొదటిది స్క్రిప్టు ఫైలు. కీబోర్డు మీద ఇచ్చే ఆదేశాలనే వరుసగా ఒక టెక్స్ట్ ఫైలులో వ్రాసి నడిపించడం ఇది. లెక్కలు, షరతులు ఇందులో ఉండవు. అనేక పటాలను వరుసగా తెరిచి ముద్రించడం వంటి పనులకు చక్కగా సరిపోతుంది. రెండవది ఆటోలిస్ప్. జాన్ మెకార్తీ 1958లో రూపకల్పన చేసిన లిస్ప్ భాషకు ఇది ఒక శాఖ. 1986 నుంచి ఆటోక్యాడ్‌లో అంతర్భాగంగా ఉంది. తక్కువ ధర గల ఎల్‌టీ రూపంలో చాలాకాలం దీనికి చోటు లేదు. 2024 సంచిక నుంచి అందులోనూ చేర్చారు. మూడవది, ఆటోక్యాడ్ వెలుపల పైథాన్ భాషలో ఈజెడ్‌డీఎక్స్ఎఫ్ అనే ఉచిత లైబ్రరీతో డీఎక్స్ఎఫ్ ఫైలును తయారుచేయడం. ఆ ఫైలును లిబ్రేక్యాడ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో కూడా తెరవవచ్చు కనుక లైసెన్సు లేని విద్యార్థులకు ఇది అనుకూలం.

భాష ఏదైనా స్క్రిప్టు నిర్మాణం ఒక్కటే. మొదటి భాగంలో మారే విలువలన్నీ ఒకేచోట ఉండాలి: మడి పొడవు, వెడల్పు, గట్టు, కాలువ, నాటిన దూరం, వదిలే సరిహద్దు వరుసలు. రెండవ భాగంలో నియమం ఉంటుంది. పై ఉదాహరణలో వరుసలోని ఏ మడికైనా ఎడమ అంచు దూరం, దాని స్థానం నుంచి ఒకటి తీసివేసి 4.5తో గుణిస్తే వస్తుంది. ఎనిమిదవ స్థానానికి అది 31.5 మీటర్లు. మడి సంఖ్యలను పాము నడకగా ఇచ్చే చోట రెండవ రెప్లికేషన్‌లో 201వ మడి కుడి చివర మొదలవుతుంది. అప్పుడు 9 నుంచి మడి క్రమసంఖ్యను తీసివేస్తే స్థానం తెలుస్తుంది. మూడవ భాగం ఈ లెక్కల ప్రకారం గీతలు గీసి గుర్తులు వ్రాస్తుంది.

యాదృచ్ఛిక క్రమం ఎక్కడ నుంచి రావాలి?

ట్రీట్‌మెంట్లను మడులకు యాదృచ్ఛికంగా కేటాయించాలన్న సూత్రాన్ని 1920లలో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో రొనాల్డ్ ఫిషర్ స్థిరపరిచారు. ఆటోలిస్ప్‌లో యాదృచ్ఛిక సంఖ్యలను ఇచ్చే అంతర్గత ఫంక్షన్ లేదు. సొంతంగా వ్రాసుకోవచ్చు గాని దాని నాణ్యతను పరీక్షించే భారం కూడా మీద పడుతుంది. అందువల్ల ఈ పనిని గణాంక సాఫ్ట్‌వేరుకే వదలడం మంచిది. ఆర్ భాషలోని అగ్రికోలే ప్యాకేజీ బ్లాక్, స్ప్లిట్ ప్లాట్ డిజైన్లకు యాదృచ్ఛిక క్రమాన్ని క్షేత్ర పుస్తకం రూపంలో ఇస్తుంది. దానిని సీఎస్‌వీ ఫైలుగా భద్రపరిచి, ఆటోలిస్ప్ స్క్రిప్టు ఆ ఫైలునే చదివి గుర్తులు వ్రాసేలా చేయాలి.

ఈ పద్ధతిలో అసలైన లాభం ఇక్కడే ఉంది. క్షేత్ర పుస్తకం, పటం, మడి దగ్గర పాతే చీటీలు అన్నీ ఒకే ఫైలు నుంచి పుడతాయి కనుక చేత్తో తిరిగి వ్రాసే దశ తొలగిపోతుంది. ఒకే ప్రయోగాన్ని మారుటేరు, నంద్యాల, జగిత్యాల వంటి వేర్వేరు స్థానాలలో వేసేటప్పుడు స్థానానికొక యాదృచ్ఛిక క్రమం, స్థానానికొక క్షేత్రాకృతి ఉంటాయి. అప్పుడు ఈ ఏకమూలత మరింత అవసరం. ఉపయోగించిన సీడ్ సంఖ్యను, ఆర్ వెర్షన్‌ను పటం అంచున ముద్రించాలి. 2019లో వచ్చిన ఆర్ 3.6.0లో నమూనా తీసే పద్ధతి మారింది. అదే సీడ్ ఇచ్చినా పాత వెర్షన్‌లో ఒక క్రమం, కొత్తదానిలో మరొక క్రమం రావచ్చు.

చక్కగా కనిపించే తప్పులు

చేత్తో గీసినవాని పొరపాటు ఒకటి రెండు మడులకు పరిమితమై, వంకర గీతగానో అతుకుల గుర్తుగానో కంటికి చిక్కే అవకాశముంది. స్క్రిప్టు చేసే తప్పు 24 మడులలోనూ ఒకే అందంతో వస్తుంది. కొత్తగా నేర్చుకునేవారు మూడింటిని ముఖ్యంగా గుర్తుంచుకోవాలి.

మొదటిది పూర్ణాంకాల భాగహారం. ఆటోలిస్ప్‌లో రెండు పూర్ణాంకాలను భాగిస్తే ఫలితం కూడా పూర్ణాంకంగానే వస్తుంది. దశాంశ భాగం పోతుంది. వరిని 20 × 15 సెంటీమీటర్ల దూరంలో నాటి, అన్ని వైపులా రెండేసి వరుసలు వదిలితే నికర మడి 3.2 × 4.4 మీటర్లు, అనగా 14.08 చదరపు మీటర్లు. సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చడానికి 20ని, 15ను 100తో భాగించమని వ్రాస్తే ఆటోలిస్ప్ రెండింటికీ సున్నా అని చెబుతుంది. సరిహద్దు మాయమై, నికర మడి 20 చదరపు మీటర్లుగా పటంలోకి ఎక్కుతుంది. పటం చూసి కోస్తే సరిహద్దు వరుసల ప్రభావం దిగుబడిలో కలుస్తుంది. సరైన నికర మడినే కోసి, లెక్కకు మాత్రం పటంలోని విస్తీర్ణం తీసుకుంటే 8.448 కిలోల ధాన్యం హెక్టారుకు 6000 కిలోలు కావలసినది 4224 కిలోలుగా నమోదవుతుంది. అన్ని మడులలోనూ తప్పు ఒకే నిష్పత్తిలో ఉన్నందున ట్రీట్‌మెంట్ల వరుస మారదు, ప్రాముఖ్య పరీక్ష కూడా మామూలుగానే కనిపిస్తుంది. హెక్టారు దిగుబడి మీద ఆధారపడే ఖర్చు-ఆదాయ నిష్పత్తి మాత్రం పూర్తిగా తప్పుతుంది. భాజకాన్ని 100.0 అని వ్రాస్తే ఈ చిక్కు ఉండదు.

రెండవది ఆబ్జెక్ట్ స్నాప్. చేత్తో గీసేటప్పుడు కర్సరును సమీప బిందువుకు అతికించే ఈ సదుపాయం, స్క్రిప్టు కమాండ్ ఫంక్షన్ ద్వారా గీసేటప్పుడు కూడా పనిచేస్తుంది. తెర మీద పటం బాగా చిన్నదిగా కనిపిస్తున్నప్పుడు, స్క్రిప్టు ఇచ్చిన బిందువు పక్క మడి మూలకు అతుక్కుపోవచ్చు. తెరను దగ్గరకు తెచ్చి నడిపితే అదే స్క్రిప్టు సరిగా గీస్తుంది కనుక కారణం తెలియక తికమక కలుగుతుంది. స్క్రిప్టు ఆరంభంలో ఓఎస్‌మోడ్ విలువను దాచుకొని సున్నా చేయాలి. ముగింపులో తిరిగి ఉంచాలి. మధ్యలో స్క్రిప్టు ఆగిపోయినా పాత విలువ తిరిగి వచ్చేలా ఎర్రర్ ఫంక్షన్ వ్రాసుకోవాలి. ఎంట్‌మేక్ ఫంక్షన్‌తో నేరుగా అంశాలను సృష్టిస్తే ఈ సమస్యే రాదు.

మూడవది స్థాన నిర్దేశం. జీఎన్ఎస్ఎస్ పరికరంతో తీసిన క్షేత్రపు మూలలను యూటీఎం నిర్దేశాంకాలలో పటానికి ఎక్కించడం ఇప్పుడు సాధారణమైంది. తెలుగు రాష్ట్రాలలో అధిక భాగం 44వ మండలంలో ఉన్నా, 78 డిగ్రీల తూర్పు రేఖాంశానికి పడమరనున్న అనంతపురం, ఆదోని, నారాయణపేట, తాండూరు ప్రాంతాలు 43వ మండలంలోకి వస్తాయి. స్క్రిప్టులో 44 అని స్థిరంగా వ్రాసి, 43వ మండలపు అంకెలతో అనంతపురం క్షేత్రాన్ని నమోదు చేస్తే అది ఆరు డిగ్రీలు తూర్పుకు జరిగి బంగాళాఖాతంలో కనిపిస్తుంది. అంత పెద్ద తప్పు వెంటనే బయటపడుతుందనుకోవచ్చు. కానీ ముద్రించిన పటంలో మడులు మాత్రమే ఉంటాయి, సముద్రం ఉండదు. ఉపగ్రహ చిత్రంపై పరచి చూసిన నాడే అది తెలుస్తుంది. మండల సంఖ్యను కూడా మొదటి భాగంలోని మారే విలువలలో చేర్చాలి.

పటం నుంచి నేల మీదికి

స్క్రిప్టుకు తుది పరీక్ష పొలంలో జరగాలి. ఆ పరీక్షకు కావలసిన అంకెలను స్క్రిప్టు చేతనే పటంపై వ్రాయించవచ్చు. 35.5 × 17 మీటర్ల క్షేత్రానికి కర్ణం 39.36 మీటర్లు. నాలుగు మూలలా కర్ర మేకులు పాతి, రెండు కర్ణాలనూ టేపుతో కొలిస్తే మూలమట్టం సరిగా ఉన్నదీ లేనిదీ అక్కడికక్కడే తేలుతుంది. ఎడమ అంచు నుంచి ప్రతి మడి మొదలయ్యే దూరాన్ని 0, 4.5, 9, 13.5 అంటూ వరుసగా ముద్రిస్తే, ఒక్కొక్క మడినీ విడిగా కొలిచినప్పుడు పేరుకునే తేడా ఉండదు.

గీత గీయడానికి ముందు స్క్రిప్టు మరికొన్ని సంగతులు తానే సరిచూడాలి. సీఎస్‌వీ ఫైలులో 24 వరుసలున్నాయా, ప్రతి రెప్లికేషన్‌లో ప్రతి ట్రీట్‌మెంటు ఒక్కసారే వచ్చిందా, మొత్తం కొలత ఉన్న పొలంలో ఇముడుతుందా అని చూసి, ఏ ఒక్కటి తప్పినా పటం గీయకుండా ఆగి కారణం చెప్పాలి. తప్పు పటం చేతికి రావడం కంటే పటం రాకపోవడమే మేలు.

పటాన్ని పొలంలో చదివేవారు క్షేత్ర సహాయకులు, కూలీలు అన్న సంగతి కూడా మరువరాదు. ఆటోక్యాడ్‌తో వచ్చే ఎస్‌హెచ్‌ఎక్స్ ఖతులలో తెలుగు అక్షరాలు లేవు; గౌతమి వంటి ట్రూటైప్ ఖతిని టెక్స్ట్ శైలిగా ఎంచుకోవాలి. ఒత్తులు, గుణింతాలు సరిగా వచ్చాయో లేదో ముద్రించి చూసిన తరువాతే పటాన్ని పొలానికి పంపాలి. విస్తరణ శాస్త్రవేత్తలు రైతుల పొలాలలో వేసే ప్రదర్శన క్షేత్రాలకు, బిందుసేద్యపు లాటరల్ గొట్టాల అమరికకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది. మారేవి కొలతలు మాత్రమే.

విద్యార్థి వెళ్లిన తరువాత

విశ్వవిద్యాలయాలలో స్క్రిప్టులు వ్రాసేది ఎక్కువగా స్నాతకోత్తర విద్యార్థులు. పట్టా పుచ్చుకొని వారు వెళ్లాక ఆ స్క్రిప్టులో 0.6 అన్న అంకె గట్టు వెడల్పో, సరిహద్దు దూరమో చెప్పేవారుండరు. ప్రతి విలువ పక్కన సెమీకోలన్ పెట్టి దాని అర్థాన్ని, కొలమానాన్ని, ఆ విలువ ఎంచుకున్న కారణాన్ని వ్రాయడం అలవాటు చేయాలి. స్క్రిప్టు, సీఎస్‌వీ ఫైలు, పటం ఈ మూడింటినీ ప్రయోగపు రికార్డులో కలిపి ఉంచాలి. ఒకరు వ్రాసిన స్క్రిప్టును మరొకరు రెండు మడులకు చేత్తో లెక్కకట్టి పోల్చిన తరువాతే వాడుకలోకి తీసుకోవాలి. ఆ రెండింటిలో ఒకటి పాము నడక మలుపు దగ్గరి మడి అయి ఉండాలి.

మడికి ఎన్ని సరిహద్దు వరుసలు వదలాలో, కాలువ ఎంత వెడల్పు ఉంటే పక్క మడిలోకి నత్రజని ఊరకుండా ఉంటుందో స్క్రిప్టుకు తెలియదు. నేల స్వభావం, పంట, నీటి పారుదల తెలిసిన శాస్త్రవేత్త ఆ నిర్ణయాలను చేసి, అందరూ చదివి ప్రశ్నించగలిగే విధంగా వ్రాసి ఉంచడానికి స్క్రిప్టు మంచి సాధనం. క్షేత్ర ప్రయోగ రూపకల్పన బోధించే తరగతిలోనే విద్యార్థుల చేత ఒక చిన్న పటానికి స్క్రిప్టు వ్రాయించి, ఆ పటంతో నేల మీద మేకులు పాతించి, కర్ణం కొలిపించగలిగితే డిజైన్ సూత్రాలు, చిత్రలేఖనం, పొలం పని ఒకేసారి అలవడతాయి.